అందరికీ అందే వైద్యం కోసం మీ ఊళ్లో, మీ బస్తీలో ఉద్యమం ఎలా నడపాలి?

"మా దగ్గర పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంది కానీ డాక్టర్ ఉండరు, ఏం చేయాలి?" "మా యూనియన్‌లో అందరికీ ఈఎస్‌ఐ (జీతంలో కోతతో నడిచే కార్మికుల ఆరోగ్య బీమా) ఉంది, మా వీధిలో వాళ్లకు ఏమీ లేదు. కలిసి పోరాడొచ్చా?" "ఆరోగ్యశ్రీ కార్డు ఉండగా ఇంకా దేనికి పోరాటం అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?" ఈ ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరసగా రాస్తున్నాను.

మూడో ప్రశ్నకు ముందే జవాబు చెప్పుకోవాలి. ఎందుకంటే మీరు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మొదట ఎదురయ్యేది అదే. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్లకీ, క్యాన్సర్ చికిత్సకీ ఎన్నో కుటుంబాలను అప్పుల్లో పడకుండా కాపాడింది. ఇప్పుడు తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. అయితే ఆ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా వేసుకునే బీపీ బిళ్లలు, షుగర్ పరీక్ష, పిల్లాడికి జ్వరం వస్తే ఓపీ ఫీజు, ఇవన్నీ చాలా ఇళ్లలో జేబులోంచే పోతున్నాయి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం సొంతంగా పెట్టుకున్నదే. కార్డు వద్దని ఎవరూ అనడం లేదు. కార్డుతో పాటు ఇంటికి దగ్గరలో పనిచేసే ఆసుపత్రి కూడా కావాలి. ఈ మాట మీ కమిటీలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

కావలసినవి

- పది పన్నెండు మంది మనుషులు. వాళ్లలో చక్కగా రాయగలవాళ్లు ఒకరైనా, ఇంటింటికీ తిరగగల ఆడవాళ్లు ముగ్గురు నలుగురైనా ఉండాలి.
- మినిట్స్ రాయడానికి ఒక నోట్‌బుక్, కాగితాలకు ఒక ఫైలు.
- జిరాక్సులకు, ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) ఫీజుకు, బస్సు చార్జీలకు కొంచెం డబ్బు. చందాలు వసూలు చేస్తే రసీదు ఇవ్వండి, లెక్క నెలనెలా మీటింగ్‌లో చదవండి.
- ఆరు నెలల ఓపిక. నెల రోజుల్లో తేలే పని కాదు.

1. కమిటీని సరిగ్గా కట్టండి

ఒక్క యూనియన్ అడిగితే అధికారి "మీ సభ్యుల సమస్య" అంటారు. ఒక్క కాలనీ అడిగితే "మీ వీధి సమస్య" అంటారు. అందుకే రెండూ కలిసి ఒకే అర్జీ మీద సంతకం పెట్టాలి. హమాలీ సంఘం, ఆటో యూనియన్, భవన నిర్మాణ కార్మికులు, పొదుపు సంఘాల మహిళలు, రిటైర్డ్ ఉద్యోగులు, ఇళ్లలో పనిచేసే అక్కలు, వ్యవసాయ కూలీలు, వీళ్లలో కనీసం నాలుగు రకాలవాళ్లు కమిటీలో ఉండేలా చూడండి. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లను, దివ్యాంగులను కూడా కూర్చోబెట్టండి. ఆసుపత్రి మెట్లు ఎంత ఎత్తో వాళ్లకే తెలుసు.

ఆశా కార్యకర్తలను, ఏఎన్‌ఎంలను (ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సులను) ఎదుటి పక్షంగా చూడకండి. మందులు రాకపోతే జనం చేత ముందు మాటలు పడేది వాళ్లే. లోపలి పరిస్థితి వాళ్లకు బాగా తెలుసు. కానీ వాళ్ల పేరు మీ కాగితాల్లో ఎక్కడా రాయకండి, ఉద్యోగం మీదికి వస్తుంది.

పార్టీల సంగతి: కమిటీలో అన్ని పార్టీల వాళ్లూ ఉండొచ్చు. అర్జీ మీద, బ్యానర్ మీద మాత్రం ఏ పార్టీ పేరూ వద్దు. ఈ నిర్ణయం మొదటి మీటింగ్‌లోనే మినిట్స్‌లో రాసుకోండి. ఎన్నికలు దగ్గరపడ్డాక రాయడం కుదరదు.

2. ఇంటింటి ఖర్చు సర్వే

ఈ మెట్టు దాటేసి నేరుగా ధర్నాకు వెళ్లే కమిటీలే ఎక్కువ. దయచేసి దాటకండి. "జనం ఇబ్బంది పడుతున్నారు" అంటే అధికారి తల ఊపి ఊరుకుంటారు. "80 ఇళ్లు అడిగాం, బీపీ మందులు వాడే 52 మందిలో 41 మంది బయట కొంటున్నారు" అని అంకెలు ముందు పెడితే (ఇవి ఊరికే చూపిన అంకెలు, మీవి మీరు నింపుకోండి) ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

చిన్న ఊరైతే ఇళ్లన్నీ తిరగండి. పెద్ద బస్తీ అయితే ప్రతి ఐదో ఇల్లు తీసుకోండి. తెలిసినవాళ్ల ఇళ్లకే వెళ్తే లెక్క తప్పుతుంది. ఒక్కో ఇంట్లో పదిహేను నిమిషాలు మించకూడదు. అడగాల్సినవి ఇవి:

- గత 15 రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడికి వెళ్లారు? పీహెచ్‌సీకా, బస్తీ దవాఖానాకా, ఆర్‌ఎంపీ దగ్గరికా, ప్రైవేటుకా, నేరుగా మందుల షాపుకా?
- ఫీజు, మందులు, పరీక్షలు, ఆటో ఖర్చు ఎంతెంత? విడివిడిగా రాయండి.
- ఆ రోజు పోయిన కూలి ఎంత?
- గత ఏడాదిలో ఎవరైనా ఆసుపత్రిలో చేరారా? కార్డు పనిచేసిందా? కార్డు ఉన్నా చేతి డబ్బు కట్టారా?
- ఆ డబ్బు ఎక్కడిది? పొదుపా, వడ్డీకి తెచ్చారా, బంగారం కుదువ పెట్టారా?
- నెలనెలా వాడే మందులు ఏవి, ఎక్కడ తెచ్చుకుంటున్నారు?
- డబ్బు లేక ఆపేసిన మందు లేదా వాయిదా వేసిన పరీక్ష ఉందా?

చివరి ప్రశ్న ఎప్పుడూ మరిచిపోవద్దు. వైద్యం మానేసిన ఇంట్లో ఖర్చు సున్నా అని వస్తుంది. లెక్కలో ఆ ఇల్లు బాగున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అందరికన్నా కష్టంలో ఉన్నది ఆ ఇల్లే.

ఓపీ ఖర్చుకు 15 రోజులు, ఆసుపత్రిలో చేరడానికి ఏడాది అని ఎందుకు అడగాలంటే, జాతీయ నమూనా సర్వే కూడా ఇలాగే అడుగుతుంది. మీ అంకెలను ప్రభుత్వ అంకెలతో పోల్చుకోవడం తేలికవుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు:

- ఇంటి పెద్దాయన్ని మాత్రమే అడగడం. మందులు కొనేది, ఆసుపత్రికి తీసుకెళ్లేది చాలాసార్లు ఆడవాళ్లే. వాళ్లను అడిగితే వేరే లెక్క వస్తుంది.
- జబ్బు పక్కన పేరు రాయడం. టీబీ, గర్భస్రావం, మానసిక సమస్యలు బయటపడితే ఆ కుటుంబం ఇబ్బంది పడుతుంది. ఇంటికి ఒక నంబరు ఇచ్చి ఆ నంబరే రాయండి. ఏ నంబరు ఎవరిదో తెలిపే కాగితం ఒక్కరి దగ్గరే ఉండాలి.
- మందుల బిల్లు చూడకుండా నోటిమాట మీద రాసుకోవడం. బిల్లు ఉంటే చూసి టిక్ పెట్టండి. లేకపోతే "బిల్లు లేదు" అని రాయండి, పర్వాలేదు.

3. ఆసుపత్రిని మీ కళ్లతో చూడండి

మూడు వేర్వేరు రోజులు వెళ్లండి. ఒకటి సోమవారం ఉదయం, ఒకటి మధ్యాహ్నం, ఒకటి వారం మధ్యలో. మామూలు రోగిలాగే చీటీ రాయించుకోండి. డాక్టర్ ఉన్నారా, ల్యాబ్ తెరిచి ఉందా, రాసిన మందుల్లో ఎన్ని లోపల ఇచ్చారు, ఎన్ని బయట కొనమన్నారు, మరుగుదొడ్డి, తాగునీళ్లు ఉన్నాయా, ఇవి చాలు.

దేంతో పోల్చాలి? కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంగా మార్చిన పీహెచ్‌సీలో 172 రకాల మందులు, 63 రకాల పరీక్షలు ఉండాలి. పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే ఉపకేంద్రంలో 105 మందులు, 14 పరీక్షలు. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, ఏజెన్సీ, కొండ ప్రాంతాల్లో 20 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలి. పట్టణాల్లో 50 వేలకు ఒకటి. జాబితా మొత్తం తనిఖీ చేయాల్సిన పని లేదు. మీ సర్వేలో ఎక్కువమంది బయట కొంటున్న పది మందులు తీసుకుని, అవి ఉన్నాయో లేవో చూడండి.

హెచ్చరిక: సిబ్బంది మీద కెమెరా పెట్టి ప్రశ్నించడం, వీడియో తీసి గ్రూపుల్లో వదలడం చేయకండి. అది ఉద్యమాన్ని ఒకే రోజులో నర్సులకూ జనానికీ మధ్య గొడవగా మార్చేస్తుంది. రోగుల ఫొటోలు అసలే వద్దు. ఖాళీ అరలు, తాళం వేసిన గది, బోర్డు, వీటి ఫొటోలు చాలు.

4. ఆర్టీఐ వేయండి

మీరు చూసినదానికి ప్రభుత్వ రికార్డు తోడవ్వాలి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారి పేరుతో వేస్తూ కార్డు నకలు జత చేస్తే ఫీజు అక్కర్లేదు. ఇలా అడగండి:

"ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హోదా వారీగా మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, ఖాళీగా ఉన్నవి, ఖాళీ అయిన తేదీలు, గత ఆరు నెలల మందుల ఇండెంట్లు, స్టాక్ రిజిస్టర్ నకళ్లు, గత ఆరు నెలల్లో మెడికల్ ఆఫీసర్ ఓపీలో ఉన్న రోజుల సంఖ్య, నెలవారీగా, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీకి గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో వచ్చిన నిధులు, ఖర్చు, సమావేశాల మినిట్స్."

"ఎందుకు భర్తీ చేయలేదు?" అని అడగకండి. ఆర్టీఐలో రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు చెప్పరు. ఉద్యోగి పేరు కూడా అడగొద్దు, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. హోదాతో అడిగితే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వేయండి. ఈ గడువు దాటబెట్టుకుని మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వేసిన రోజే క్యాలెండర్ మీద రెండు తేదీలూ గుర్తు పెట్టుకోండి.

5. యూనియన్ వాళ్లకు విడిగా: మీ ఈఎస్‌ఐ సరిచూసుకోండి

ఊరి కోసం అడిగే ముందు మీ ఫ్యాక్టరీ గేటు లోపల అందరికీ ఉందో లేదో చూడండి. పది మంది, అంతకుమించి పనిచేసేచోట నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతమైతే మీ చీటీలో కోత సుమారు 113 రూపాయలు కనబడాలి, యజమాని దాదాపు 488 కలపాలి.

కాంట్రాక్టు కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లను కూర్చోబెట్టి మూడు చూడండి. కోత పడుతోందా? కట్ చేసిన డబ్బు నిజంగా ఈఎస్‌ఐకి జమ అవుతోందా? కుటుంబసభ్యుల పేర్లు ఎక్కించారా? రెండోది ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐసీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. జమ కాకపోతే జీతం చీటీల నకళ్లతో ఈఎస్‌ఐసీ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విడివిడిగా కాకుండా యూనియన్ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి, అప్పుడు ఒక్క మనిషి మీద కక్ష కట్టే వీలుండదు.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు ఊరి కమిటీలో ఎందుకు ఉండాలో కొంతమందికి అర్థం కాదు. జీతం పరిమితి దాటినా, ఉద్యోగం పోయినా, రిటైరైనా, వాళ్లలో చాలామంది నిలబడాల్సింది ఆ పీహెచ్‌సీ వరుసలోనే. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా గని కార్మికులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో వాళ్ల సంఘం 1983లో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టింది. అక్కడ గని కార్మికులతో పాటు చుట్టుపక్కల పల్లెల ఆదివాసులు, రైతులు కూడా వైద్యం చేయించుకుంటారు.

6. డిమాండ్ రాయండి

సర్వే, పరిశీలన, ఆర్టీఐ జవాబు మూడూ టేబుల్ మీద పెట్టుకుని మూడంటే మూడు డిమాండ్లు రాయండి. పన్నెండు రాస్తే అధికారి తేలికైన ఒకటి చేసి (సాధారణంగా గోడలకు సున్నం) "మీ డిమాండ్లు పరిశీలనలో ఉన్నాయి" అంటారు.

"ప్రజలందరికీ నాణ్యమైన ఉచిత వైద్యం అందించాలి." ఇది నినాదం. గోడ మీద రాయండి, అర్జీలో కాదు.

"ఈ పీహెచ్‌సీలో ఖాళీగా ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ పోస్టును 60 రోజుల్లో భర్తీ చేయాలి. అంతవరకు వారానికి మూడు రోజులు పక్క కేంద్రం నుంచి డిప్యుటేషన్ ఇవ్వాలి." ఇది డిమాండ్. ఏం కావాలి, ఎక్కడ, ఎవరు చేయగలరు, ఎప్పటిలోగా అన్నవి నాలుగూ ఉన్నాయి. అది ఆ అధికారి చేతిలో ఉన్న పనేనా అని కూడా చూసుకోండి. డిప్యుటేషన్ జిల్లాలో తేలుతుంది. కొత్త నియామకాలు, మందుల కొనుగోలు రాష్ట్రం చేతిలో ఉంటాయి.

జబ్బు ఒక్కటే కాదు, జబ్బుకు కారణం కూడా డిమాండ్‌లో ఉండొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ బాధితుల కోసం ఏళ్ల తరబడి అడిగినవాళ్లు డయాలసిస్‌తో పాటు మంచి తాగునీళ్లు, పరిశోధన కూడా అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, తాగునీటి పథకం కూడా వచ్చింది.

చట్టం మాట ఎక్కడైనా రాయాలంటే ఈ తీర్పు చాలు. 1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదని, సౌకర్యం లేదని పంపేశాయి. చివరికి ప్రైవేటులో సుమారు 17,000 రూపాయలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన సభ్యుడిగా ఉన్న పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని 1996లో కోర్టు చెప్పింది, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఇది తెచ్చింది ఒక కూలీల సంఘం. ఈ సంగతి మీ మీటింగుల్లో తప్పకుండా చెప్పండి.

7. అర్జీ నడిపించండి

ఈ వరసలో వెళ్లండి: గ్రామసభలో లేదా వార్డు సమావేశంలో తీర్మానం, మెడికల్ ఆఫీసర్‌కు ప్రతి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ప్రతి, తర్వాత సోమవారం కలెక్టరేట్. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కింది మెట్టు దాటేసి కలెక్టర్ దగ్గరికి వెళ్తే అర్జీ మళ్లీ కిందికే వస్తుంది, రెండు వారాలు పోతాయి.

ప్రతిచోటా రసీదు నంబరు తీసుకోండి. "చూస్తాంలెండి" అన్న మాటకు విలువ లేదు. ఇద్దరు ముగ్గురు వెళ్లండి, మాట్లాడేది ఒక్కరే కావాలి. బయటికొచ్చి ఎవరు ఏమన్నారో అక్కడే నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి.

ఎవరికైనా నెట్‌వర్క్ ఆసుపత్రిలో (పథకంలో చేరిన ఆసుపత్రిలో) ఆరోగ్యశ్రీ కార్డు మీద చికిత్స జరుగుతూ డబ్బు అడుగుతుంటే ఈ వరస కోసం ఆగొద్దు. అక్కడ పథకం తరఫున రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్రకు చెప్పి, వెంటనే 104కు ఫోన్ చేయండి. కట్టిన ప్రతి రూపాయికి బిల్లు అడగండి.

8. కదలకపోతే రోడ్డు మీదికి

సంతకాల సేకరణ ముందు చేయండి. ఇది ఊరికే పోయే పని కాదు. థాయ్‌లాండ్‌లో పౌర సంఘాలు 50 వేల సంతకాలతో ఆరోగ్య భద్రత చట్టం ముసాయిదాను ముందుకు తెచ్చాయి. 2002లో అక్కడ చట్టం వచ్చింది, 30 బాట్‌ల పథకం (ఒకసారి చూపించుకోవడానికి అక్కడి డబ్బులో 30 బాట్‌లే తీసుకునే పథకం) దేశమంతా అందింది. సంతకం పక్కన ఊరు, వృత్తి రాయించండి. వేలిముద్రలు తీసుకుంటే పక్కన సాక్షి సంతకం ఉండాలి. ఒకే చేతిరాతతో పది సంతకాలు కనిపిస్తే మొత్తం కట్టనే అనుమానిస్తారు.

ధర్నా అయితే పోలీసులకు ముందుగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆసుపత్రి గేటు, 108 వచ్చే దారి ఎప్పుడూ అడ్డుకోవద్దు. కూలి పోకుండా ఉండాలంటే ఉదయం పనికి వెళ్లే ముందు గంటసేపు నిలబడొచ్చు. విలేకర్లకు ఒకే పేజీ ఇవ్వండి: మూడు అంకెలు, మూడు డిమాండ్లు, ఇచ్చిన అర్జీల తేదీలు.

మీలాంటి కమిటీలు జిల్లాలో నాలుగైదు అయ్యాక రాష్ట్రస్థాయి డిమాండ్లకు వెళ్లొచ్చు. రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఉంది, దాన్ని పట్టుకోండి. రాజస్థాన్‌లో జన్ స్వాస్థ్య అభియాన్ వంటి వేదికలు ఏళ్లపాటు అడిగాక 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం వచ్చింది. ప్రైవేటు డాక్టర్లు పెద్ద ఎత్తున సమ్మె చేశారు, ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. మీరు చట్టం అడిగే రోజున డాక్టర్లతో ముందే మాట్లాడుకోండి, ఎమర్జెన్సీ చికిత్సకు వాళ్లకు ఎవరు, ఎప్పటిలోగా డబ్బు చెల్లిస్తారో కూడా ముసాయిదాలో ఉండాలి.

9. ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మంత్రి హామీ, పేపర్లో వార్త, ప్రారంభోత్సవం, వీటిలో ఏదీ ఫలితం కాదు. ఇవి చూడండి:

- ఆర్డర్ కాపీ చేతికొచ్చిందా? నంబరు, తేదీ ఉన్నాయా? డిప్యుటేషన్ అయితే ఎన్ని రోజులకు ఇచ్చారు?
- వేసిన మనిషి వచ్చి చేరారా? ఆర్డర్ వచ్చి, చేరకుండా సెలవు పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది.
- మీరు ఎంచుకున్న పది మందుల్లో ఇప్పుడు ఎన్ని లోపల దొరుకుతున్నాయి? మళ్లీ మూడు రోజులు వెళ్లి చూడండి.
- అవే ఇళ్లలో అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే బయట మందులు కొనేవాళ్లు తగ్గారా? మందు ఆపేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టారా?

ఒక జాగ్రత్త. మొదటి సర్వే ఎండాకాలంలో, రెండోది వానాకాలంలో చేస్తే జ్వరాల వల్ల ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది, మీ పని వృథా అయిందనిపిస్తుంది. జ్వరాల ఖర్చు పోల్చాలంటే ఏడాది తర్వాత అదే నెలలో చేయండి. అంతకుముందు చూసుకోవాలంటే బీపీ, షుగర్ మందులు ఎక్కడ తెచ్చుకుంటున్నారన్నది ఒక్కటే పోల్చండి, దానికి కాలంతో సంబంధం ఉండదు.

డిప్యుటేషన్ గడువు ముగిసే తేదీకి నెల ముందే పొడిగింపు అర్జీ ఇవ్వండి, పాత ఆర్డర్ కాపీ, ఆ నెలల ఓపీ సంఖ్య జతచేయండి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ తర్వాతి సమావేశం ఎప్పుడో మెడికల్ ఆఫీసర్‌ను అడిగి, మీ మూడు డిమాండ్లలో మిగిలినవాటిని అజెండాలో పెట్టమని ముందుగానే రాసివ్వండి.